పైవాడి లంచ్ బాక్స్

"ఇక దిగండి," అంది నర్సు.

"ఇప్పుడే కదండీ ఎక్కాను," అన్నాడతను.

"ముల్లు ఆగిపోయింది. మీరు ఎంతసేపు నిలబడ్డా అది వెనక్కి రాదు."

అతను తూకం మిషన్ మీంచి దిగి, అదేదో పరాయివాడి బరువన్నట్టు తొంగి చూశాడు. నూట ఎనిమిది కిలోలు.

కొత్తగా కడుతున్న ఆ భవనం దగ్గర పెద్ద క్రేన్ నడిపేది అతనే. పొద్దున నిచ్చెన ఎక్కాడంటే సాయంత్రం దాకా నేల మీద కాలు పెట్టడు. కింది నుంచి చూస్తే అగ్గిపెట్టెంత కనిపించే గాజు క్యాబిన్‌లో కూర్చుని, టన్నుల ఇనుమును పూలబుట్ట దించినట్టు దించుతాడు. అందుకే సైట్‌లో అందరూ అతన్ని 'పైవాడు' అంటారు. ఇనుము వేళకి చేరితే "అంతా పైవాడి దయ" అంటారు, చేరకపోతే "పైవాడు కరుణించలేదు" అని బీడీ వెలిగించుకుంటారు.

అలాంటి పైవాడికి ఆ రోజు ఫస్ట్ ఎయిడ్ గదిలో గట్టి దెబ్బే తగిలింది.

"పైన ఎవరైనా స్పృహ తప్పితే కిందికి దింపడానికి కొత్త తాడు సెట్టు వచ్చింది," అంది నర్సు. "అది మోసేది వంద కిలోలు. మీకు మూడు నెలలు టైమిచ్చారు. అప్పటికి వంద లోపుకి రాకపోతే నిచ్చెన ఎక్కడానికి లేదు. స్టోర్ రూమ్‌లో వేస్తారట."

"తాడు మార్చండి. నన్నెందుకండీ మార్చడం?"

"తాడు చెప్పిన మాట వినదు. మీరు వింటారేమోనని ఆశ."

స్టోర్ రూమా! కిటికీ కూడా లేని ఆ కొట్టులో మేకుల డబ్బాల మధ్య కూర్చోవడం కన్నా ఉద్యోగం మానేయడమే నయం. ఆ క్యాబిన్ అంటే అతనికి ప్రాణం. మబ్బులు ఎటు నుంచి వస్తాయో ఊళ్లో అందరికన్నా ముందు చూసేది తనే.

"చూడండి డాక్టరు గారూ..."

"నేను డాక్టర్ని కాదు. ఇక్కడందరూ సిస్టర్ అని పిలుస్తారు. మీరూ అలాగే పిలవచ్చు."

అతను ఆమె వంక చూశాడు. పెద్ద కళ్లు. కోపంలో ఇంకా పెద్దవవుతున్నాయి.

"మిగతావాళ్ల సంగతి నాకు తెలీదండీ. నేను మాత్రం ఆ మాట చచ్చినా అనను," అని గబగబా బయటికి వచ్చేశాడు.

అతని తిండి కథ వేరే ఉంది. మధ్యలో దిగే వీల్లేదు కాబట్టి రోజంతటి తిండీ ఓ సంచిలో పైకి వెళుతుంది. దాన్ని తాడుకి కట్టి పంపేది కింద సిగ్నల్ ఇచ్చే బావ, అంటే అక్క మొగుడు. అందులో అమ్మ కట్టిన డబ్బాతో పాటు రెండు పెద్ద కూల్ డ్రింకు బాటిళ్లు, చిప్స్, బిస్కెట్లు. ఒక బరువు దించి ఇంకోటి కట్టే లోపు ఓ గుప్పెడు చిప్స్ నోట్లోకి పోతాయి. ఆకలితో పని లేదు. చెయ్యి ఖాళీగా ఉండకూడదు, అంతే.

మర్నాడు పౌరుషం పొడుచుకొచ్చి, సంచిలో ఒక్క మంచినీళ్ల సీసా మాత్రం పెట్టమన్నాడు. మధ్యాహ్నానికి కడుపులో ఎలుకలు పరుగు పందెం పెట్టుకున్నాయి.

"బావా," అన్నాడు వాకీటాకీలో నీరసంగా. "ఆ ఇనుమేంటి, అలా ఊగుతోంది?"

"ఇనుము ఇంకా కట్టనే లేదు కదరా!"

బావ నోరు మూసే లోపే ఇంకో గొంతు వినిపించింది. ఫస్ట్ ఎయిడ్ గదిలోనూ ఒక సెట్ ఉంటుంది మరి. "క్రేన్ ఆపేయమనండి. తినడానికి ఏదైనా పైకి పంపండి. తిని, ఒళ్లు కుదుటపడ్డాక నెమ్మదిగా దిగి నా దగ్గరికి రమ్మనండి."

సైట్ మొత్తం విన్నది. తల దించుకుని ఆ గదిలోకి వెళ్లాడు.

"ఒక్క పూటలో ఎనిమిది కిలోలు తగ్గిద్దామనుకున్నారా?"

"పట్టుదలండీ."

"దాన్ని మొండితనం అంటారు." ఆమె కుర్చీ లాగి ఎదురుగా కూర్చుంది. గొంతు కొంచెం మెత్తబడింది. "అన్నీ ఒకేసారి వదిలేస్తే అన్నీ ఒకేసారి తిరిగొస్తాయి. మీ సంచిలో ఏ ఒక్కటి లేకపోతే మీకు ఏడుపు రాదో చెప్పండి."

అతను నిజాయితీగా ఆలోచించాడు. "బిస్కెట్లు... ఊహూ, ఏడుపొస్తుంది. చిప్స్... అస్సలు కుదరదు. రెండో కూల్ డ్రింకు అయితే పర్లేదండీ. అప్పటికి ఎలాగూ చల్లదనం పోతుంది."

"సరే. దాని బదులు మంచినీళ్లు. ఇంకేదీ మార్చకండి. అది అలవాటయ్యాకే రెండో మార్పు."

"ఇంతేనా?" అతనికి నమ్మబుద్ధి కాలేదు. తర్వాత ఏదో గుర్తొచ్చి అడిగాడు. "అవునూ, నాకు పైన ఏమైనా అయితే ఆ తాడు పట్టుకుని వచ్చేదెవరు?"

"నేనే."

"మీరు పైకి రావడం ఎప్పుడూ చూడలేదే?"

ఆమె తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "నాకు ఎత్తంటే భయం. స్టూలెక్కినా కళ్లు తిరుగుతాయి. రోజూ పైన మీకేం కాకూడదని దణ్ణం పెట్టుకుంటున్నాను."

అతనికి నవ్వు రాలేదు. తన కోసం ఇంత పెద్ద కళ్లు రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాయన్న మాట మాత్రం చెవుల్లో గింగురుమంది.

"అయితే ఒప్పందం," అన్నాడు. "నాకు ఒక మార్పు అలవాటైనప్పుడల్లా మీరు ఒక ల్యాండింగ్ ఎక్కాలి. నిచ్చెన మధ్యమధ్యలో నిలబడడానికి ఇనుప పలకలుంటాయి కదా, అవి. ఆ పలక అలవాటయ్యాకే పైది."

"నా మందు నాకేనా?"

"డాక్టరు గారి మందు కదండీ, మంచిదే అయ్యుంటుంది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

అలా మొదలైంది. రెండో బాటిల్ పోయింది. చిప్స్ రోజు విడిచి రోజుకి వచ్చాయి, మధ్య రోజుల్లో వేయించిన పల్లీలు, ఓ పండు. టీలో చక్కెర అర చెంచా తగ్గింది. నాలుక నాలుగు రోజులు సణిగింది, తర్వాత దానికే గుర్తు లేకుండా పోయింది. మళ్లీ అర చెంచా. ముల్లు కూడా మెల్లగా వెనక్కి జరగసాగింది.

సాయంత్రాలు ఆమె బెల్టు కట్టుకుని నిచ్చెన దగ్గరికి వచ్చేది. మొదటి ల్యాండింగ్ మీద కమ్మీని ఎంత గట్టిగా పట్టుకుందంటే, వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. ఆ పని అతను ఏ మాత్రం తొందరపడకుండా చేశాడు. ఇంకో రోజు పైనుండగా చిరుజల్లు పట్టుకుంది.

"కింద ఏం కనిపిస్తోందండీ?" అన్నాడు.

"నేను కిందికి చూడను."

"మరి ఎటు చూస్తారు?"

ఆమె అతని వంకే చూస్తోందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆ తర్వాత ఇద్దరూ వాన సంగతి చాలాసేపు మాట్లాడుకున్నారు.

అంతా బాగుందనుకుంటుండగా, గడువు దగ్గరపడే వేళకి ముల్లు మొరాయించింది. ఒక వారం కదల్లేదు. మరుసటి వారం కాస్త పెరిగింది కూడా.

"నిజం చెప్పండి," అంది ఆమె. "పైన ఏం తింటున్నారు?"

"మీరు చెప్పినవే."

"ముల్లు అబద్ధం చెప్పదండీ."

"అంటే నేను చెప్తున్నానా?"

ఆమె మళ్లీ ముల్లు వంకే చూసింది. అతనికి ఒళ్లు మండిపోయింది. సగం తిన్న లంచ్ బాక్స్ ఆమె బల్ల మీద ఠక్కున పెట్టాడు. "ఇదిగో నా డబ్బా. వెతుక్కోండి!"

ఆ సాయంత్రం నిచ్చెన దగ్గరికి వెళ్లలేదు. ఎక్కడెక్కడో తిరిగాడు. స్టోర్ రూమ్ కన్నా ఆ అనుమానమే ఎక్కువ బాధ పెట్టింది. చీకటి పడుతుండగా ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి తెలిసిన గొంతు వినిపించింది. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ కూర తిని చూశానమ్మా," అంటోంది నర్సు. "ఇందులో కూర ఎంత, వెన్న ఎంత?"

"మరేం చెయ్యనమ్మా?" ఇది అమ్మ. "పిల్లాడి బుగ్గలు పీక్కుపోతున్నాయి. చూస్తూ ఊరుకోలేక రోజూ రెండు గరిటెలు ఎక్కువ వేస్తున్నాను. వాడికి తెలియకుండా కలిపేస్తున్నాను. తప్పా?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నర్సు ఒక్క ముద్దతో పట్టేసింది.

"తప్పు కాదమ్మా, ప్రేమే. కానీ ఆ ప్రేమే ఆయన్ని క్రేన్ మీంచి దించేసేలా ఉంది."

"ఇలా చిక్కిపోతే వాడికి పిల్లనెవరిస్తారు చెప్పు?"

"ఎందుకివ్వరూ? అంత ఓపిక, అంత నిజాయితీ... ఆ నవ్వొకటి చాలదూ..." అంటూనే ఆమె ఆగిపోయింది.

అమ్మ గరిటె కింద పెట్టింది. ఆ పిల్లను ఎగాదిగా చూసింది. "నీకెన్నేళ్లమ్మా?"

గుమ్మంలో అతని చేతిలోంచి హెల్మెట్ జారిపడి, దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా ఆమె కాళ్ల దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి అతనికిచ్చింది. మొహం ఎర్రబడింది.

"మిమ్మల్ని అనుమానించాను. మీ మాట నమ్మకుండా అలా అనాల్సింది కాదు. ఏమీ అనుకోకండి."

"నేనూ డబ్బా అలా ఠక్కున పెట్టాల్సింది కాదండీ," అన్నాడతను.

"ముందు ఒక గరిటె తగ్గిస్తా," అంది అమ్మ ఇద్దర్నీ చూస్తూ. "రెండోది వచ్చే వారం చూద్దాం. నాకూ అలవాటు కావాలిగా!"

గడువు రోజు ఫస్ట్ ఎయిడ్ గది ముందు జాతరలా జనం. మేనేజర్ వచ్చాడు. డబ్బా ఇచ్చే వంకతో అమ్మ కూడా వచ్చింది. అతను మిషన్ దగ్గరికి రాగానే బావ అరిచాడు.

"బూట్లు విప్పరా! హెల్మెట్ తీసెయ్యి!"

"తీయడానికి లేదు," అంది నర్సు. "పైకి అలాగే వెళ్తారు. అలాగే తూగాలి."

"సిస్టర్, ఒక్కసారికి దయ చూపించండి!" అని నలుగురూ బతిమాలారు. ఆమె తల అడ్డంగా ఊపింది. అందరికీ ఆమె మొండి మొహమే కనిపించింది. అతనికి మాత్రం, బల్ల చాటున ఆమె దణ్ణం పెట్టుకోవడం కనిపించింది. తను గెలవాలని ఇక్కడ తనకన్నా ఎక్కువ కోరుకుంటున్న మనిషి ఒకరున్నారని అప్పుడు తెలిసింది. హెల్మెట్ పట్టీ బిగించుకుని ఎక్కాడు.

ముల్లు వంద దాటింది. జనం ఉసూరుమన్నారు. అది కాసేపు అటూ ఇటూ ఊగి వెనక్కి వచ్చింది, ఇంకొంచెం వెనక్కి వచ్చి ఆగింది.

"తొంభై తొమ్మిదిన్నర," అంది నర్సు.

సైట్ దద్దరిల్లింది. హెల్మెట్లు గాల్లోకి లేచాయి. బావ అతన్ని ఎత్తబోయి నడుము పట్టుకుని కూలబడ్డాడు. "తగ్గింది సరిపోలేదురా!" అని మూలిగాడు.

అతను ఆమె దగ్గరికి వెళ్లాడు. "నా వంతు అయిపోయిందండీ. మీది ఒక్కటి మిగిలింది. చివరిది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మీ వెనకే ఉంటాను."

ఆమె బెల్టు బిగించుకుంది. అన్ని పనులూ ఆగిపోయాయి. అందరూ తలలెత్తి చూస్తుండగా ఆమె ఒక్కో మెట్టూ ఎక్కింది. తెలిసిన ల్యాండింగులన్నీ దాటింది. ఇంతవరకూ ఎక్కని చివరి మెట్లు కూడా ఎక్కి, క్యాబిన్‌లోకి పాకి, నేల మీద చతికిలబడి కళ్లు గట్టిగా మూసుకుంది.

"వచ్చేశారండీ. కళ్లు తెరవండి."

"తెరవను."

"ఒక్క కన్ను చాలు. అది అలవాటయ్యాక రెండోది."

ఆమె ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. అద్దాల అవతల ఊరంతా పరుచుకుని ఉంది, దూరంగా ఎక్కడో వాన కురుస్తోంది. ఆమె లేచి నిలబడింది. ఈసారి కమ్మీ పట్టుకోలేదు, అతని చెయ్యి పట్టుకుంది.

"ఎంత బాగుందో!" అంది. "మీరు దీనికోసం ఎందుకంత కష్టపడ్డారో ఇప్పుడు అర్థమవుతోంది."

"సగం దీనికోసమేనండీ," అన్నాడతను. నూరు టన్నులెత్తిన మనిషికి రెండు మాటలెత్తడం కష్టమైంది. "మీరంటే నాకు చాలా ఇష్టం. అంతా ఒకేసారి అడిగితే మీరు భయపడతారు. అందుకని రేపు నాతో ఓ కప్పు టీ తాగండి. అది అలవాటయ్యాక..."

"ఇంత ఎత్తెక్కి వచ్చినదాన్ని, ఇంకా టీ దగ్గరే ఆగమంటారా?"

ఆమె అతని భుజానికున్న వాకీటాకీ లాక్కుని బటన్ నొక్కింది.

"అత్తయ్యా," అంది, సైట్ మొత్తానికీ వినపడేలా. "నేను పైకి చేరుకున్నాను. మీ అబ్బాయి నా పక్కనే ఉన్నారు."

కింది నుంచి కేకలు, ఈలలు అంత ఎత్తుకీ వచ్చాయి. ఆ గోలలోంచి, బావ చేతిలోని సెట్ లాక్కున్నట్టుంది, అమ్మ గొంతు వినిపించింది.

"ఏమన్నావే అమ్మాయీ? అత్తయ్యా అన్నావా? ఇక్కడ గోలగా ఉంది, ఇంకొక్కసారి అను తల్లీ!"