మట్టిలో కలవని మిన్ను

మీరు మట్టికిచ్చిన మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. సహస్ర అయితే టక్కున చెప్పేది: "అగో, ఆ నేరేడుచెట్టే నా బిడ్డ మిన్ను."

బొగ్గు తవ్వి వదిలేసిన మట్టిగుట్ట మీద ఆ ఊరు స్మృతివనం పెంచింది. పోయినవాళ్లను అక్కడ పూడ్చి, పైన మొక్క నాటుతారు. పూడ్చేముందు ఒంటికి రాసే పసుపులో గుర్తు నైట్రోజన్ కలుపుతారు. మామూలు నైట్రోజన్ కన్నా పిసరంత బరువు, అంతే తేడా. ఒళ్లు మట్టిలో కలిసేకొద్దీ అది వేర్లు పట్టుకుని ఆకుల్లోకి ఎక్కుతుంది. ఆకును జాడమీటరు కింద పెడితే, మనవాళ్లు చెట్టులోకి ఎంత చేరారో అంకె పడుతుంది.

మొదటిసారి సహస్ర తెంపుకొచ్చిన ఆకును, వనం మట్టిని చూసుకునే సైంటిస్టు డాక్టర్ అబ్రహాం మీటరు కింద పెట్టాడు. సున్నా. అద్దం తుడిచి మళ్లీ పెట్టాడు. సున్నా.

"మీ మిషనుకు సర్ది చేసిందా సారూ?"

అబ్రహాం నవ్వలేదు. "మిషను బాగానే ఉందమ్మా. మొక్కలు తొందరగా ఎదగాలని డ్రిప్ పైపుల్లో యూరియా వదిలాం. కూడు నోటికాడికే వస్తుంటే వేర్లు లోపలికి ఎందుకు పోతాయి? పైగా ఆ మోతాదుకు, దేన్నయినా కుళ్లబెట్టి మట్టి చేసే బూజులు పడకేశాయి. రాలిన ఆకు రాలినట్టే ఉంటోంది. అందుకే మట్టిలో కార్బన్ పెరిగింది. మన వనానికి అవార్డు కూడా..."

"ఆకు ముచ్చట అడుగుతలేను. నా బిడ్డ?"

అతను కళ్లద్దాలు తీశాడు. "కలవలేదమ్మా."

పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఆ మానుకు పట్టీలు కట్టిన తల్లి ఆమె. "మరి ఇన్నేండ్లు నేను ముద్దుపెట్టుకున్నది యూరియా బస్తానా సారూ?"

అబ్రహాం మీటరును గుడ్డలో చుట్టబోయాడు.

"పైపు బంద్ చేస్తే?" అంది సహస్ర.

"బూజులు లేస్తాయి. పాప కలుస్తుంది. కానీ ఆ చెట్టు డబ్బాపాలకు మరిగిన బిడ్డ. బతకదేమో."

సహస్ర తిన్నగా వెళ్లి వాల్వు కట్టేసింది. పక్క చెట్టుకు దండ వేస్తున్న ముసలాయన కేకేశాడు. "పిచ్చిదానా! పచ్చటి చెట్టును చంపుకుంటవా?"

"నా బిడ్డకు తొవ్వ ఇస్తున్న మామా."

చెట్టు నిలువునా ఎండింది. మిన్నును రెండోసారి పోగొట్టుకున్నట్టు ఏడ్చింది సహస్ర. వానలు పడ్డాయి. రాలిన ఆకులు నల్లబడి, మెత్తబడి, మట్టి వాసన వేశాయి. మోడు పక్కన గరిక మొలిచింది. అబ్రహామే ఒక పోచ తెంపి మీటరు కింద పెట్టాడు. అంకె కదిలింది. మీటరును ఆమె వైపు తిప్పాడు.

ఆ వారమే వనం కమిటీ ఆఫీసరు దిగాడు. "మీ ప్లాటులో ఆకులు కుళ్లి, మట్టిలోని కార్బన్ గాల్లోకి లీకవుతోంది. వనం ర్యాంకు పడిపోతోందమ్మా."

"లీకు కాదయ్యా, అది నా బిడ్డ."

"రూల్సులో బిడ్డ అని లేదు."

సోమవారం పొద్దున ఆ వాల్వు మళ్లీ తిప్పడానికి కమిటీ మనుషులు వస్తున్నారు. సహస్ర పైపు మీద కూర్చుని ఉంటుంది. మీ జాలి ఆమెకు అక్కర్లేదు. వచ్చి, పక్కన కూర్చోండి.