కప్ప గేమ్‌లో అరువు లైఫ్

అచ్యుత్‌కి తన మీద తనకున్న గొప్ప అభిప్రాయాల్లో చివరిది, మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో స్నేహితుడు దీపక్ గృహప్రవేశం నాడు, ఒక గుంతలో పడి పోయింది.

గుంత టీవీలోది. పడింది ఆకుపచ్చ కప్ప. ఆడుతున్నది అచ్యుత్.

"చిన్నప్పుడు తెనాలిలో ఈ కప్ప గేమ్ నేను కళ్లు మూసుకుని ఆడేవాణ్ణి," అని అందరికీ వినపడేలా చెప్పి అరనిమిషం కూడా కాలేదు. దీపక్ కొత్త కన్సోల్ కొని, దానికి నెలనెలా చందా కట్టి, ఎప్పటివో పాత ఆటలన్నీ తెర మీదికి రప్పించాడు. వాటిలో ఇది కనపడగానే అచ్యుత్ పులిహోర ప్లేటు పక్కన పెట్టి మరీ కూర్చున్నాడు.

"ఇప్పుడు కళ్లు తెరిచి ఆడిన్రు కదా, అందుకే పడ్డట్టున్నరు," అంది సోఫా చివర కూర్చున్న అమ్మాయి.

ఆమె వైశాలి. దీపక్ భార్య ఆఫీసులోనే పని చేస్తుంది. పదేళ్ల వయసులో అమ్మానాన్నలతో హన్మకొండ నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లోనే పెరిగింది. రెండో కంట్రోలర్ అందుకుని, ఆమె కూడా అదే గుంతలో పడింది. కానీ కంగారు పడకుండా ఏవో రెండు బటన్లు నొక్కింది. ఆట వెనక్కి నడిచింది. కప్ప గుంతలోంచి లేచి గట్టు మీదికొచ్చింది.

"ఇదేంటండీ, దొంగాట," అన్నాడు అచ్యుత్.

"రివైండ్. సబ్‌స్క్రిప్షన్‌లనే వస్తది. పైసలు కట్టినంక వాడుకోవద్దా?"

"మా తెనాలిలో ఇలాంటివి ఉండేవి కావు. పోతే పోయినట్టే."

"అందుకేనా అంత తొందరగ పోయిన్రు?" అని ఆమె తెర మీద ఆట వివరాలు చూపించింది. "ఇంకో సంగతి. ఇది కప్ప కాదు, చూడున్రి. రెయిన్‌కోట్ వేసుకున్న పోస్ట్‌మన్ అట."

అచ్యుత్ బాల్యం మొత్తం ఒక్క వాక్యంతో అబద్ధమైపోయింది. అతని మొహం చూసి ఆమె జాలిపడింది.

"హన్మకొండల మేం కూడ కప్ప అనే అనేటోళ్లం," అంది.

ఆ మాటకి అచ్యుత్ మళ్లీ పడ్డాడు. ఈసారి గుంతలో కాదు.

ఇద్దరు కలిసి ఆడేటప్పుడు ఆ ఆటలో ఒక వెసులుబాటుంది. ఒకరి లైఫులు అయిపోతే రెండోవాళ్లు తమ వాటిలోంచి ఒకటి ఇవ్వొచ్చు. "నాకో లైఫ్ ఇవ్వరా?" అని అడిగాడు. ఇచ్చింది. పోగొట్టుకున్నాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ ఇచ్చింది.

ఆస్ట్రేలియా ఉత్తర కొసన తనుండే డార్విన్‌కి తిరిగొచ్చాక అచ్యుత్ చేసిన మొదటి పని అదే కన్సోల్ కొని అదే చందా కట్టడం. అతను అక్కడి హాస్పిటల్లో కంప్యూటర్లు చూసుకుంటాడు. స్ట్రెస్ తగ్గడానికి కొన్నానని ఆఫీసులో చెప్పాడు. అప్పట్నించీ ప్రతి శనివారం మధ్యాహ్నం అతను డార్విన్‌లో, ఆమె పాయింట్ కుక్‌లో, ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఆన్‌లైన్‌లో ఆడేవారు. అలా ఆడేటప్పుడు రివైండ్ ఉండదు. అందుకని వారమంతా అచ్యుత్ ఒంటరిగా, తను దొంగాటన్న ఆ రివైండ్‌తోనే ప్రాక్టీస్ చేసేవాడు. శనివారం వచ్చేసరికి యథాప్రకారం పడేవాడు.

'మీరు'లోంచి 'నువ్వు'లోకి వచ్చారు. ఆ తర్వాత రావాల్సిన మాట మాత్రం అతని నోట్లోంచి రాలేదు. ప్రతి శుక్రవారం అద్దం ముందు చక్కగా వచ్చేది.

వానాకాలంలో ఒక శనివారం వైశాలి మామూలుగా అంది: "రేపు బ్రిస్బేన్ నుంచి డెంటిస్ట్ వస్తున్నడు మా ఇంటికి. సన్నీబ్యాంక్‌ల సొంత క్లినిక్. నాన్నకి ఆయనంటే మస్తు ఇష్టం."

పెళ్లిచూపులేనని అచ్యుత్ తేల్చేసుకున్నాడు. చెప్పాల్సింది ఇప్పుడేనని అర్థమైంది. నోరు తెరిచాడు.

"మంచిదే. పళ్లకి ఇబ్బందుండదు," అన్నాడు.

అన్న మరుక్షణం అతని వేళ్లు వాటంతటవే రివైండ్ బటన్లు నొక్కాయి. మాట వెనక్కి రాలేదు. పైగా కప్ప గుంతలో పడి, ఉన్న చివరి లైఫ్ కూడా పోయింది. వైశాలి ఏదో పొడిగా అంది కానీ రేకుల మీద వాన మోతలో వినపడలేదు. టీ పెట్టుకోవడానికి వెళ్లిందని అతనికి తర్వాత తెలిసింది.

"వైశాలీ, నాకో లైఫ్ ఇవ్వు. ప్లీజ్."

"ఎవరు బాబూ నువ్వు?" అంది ఫోన్‌లోంచి ఒక మగ గొంతు. కళ్లజోడు వెతుక్కుంటూ ఆ గదిలోకొచ్చిన శేషాచలం, వైశాలి తండ్రి. పేరున్న గుండె డాక్టరు.

"అచ్యుత్‌ని అంకుల్. డార్విన్ నుంచి."

"మా అమ్మాయిని లైఫ్ ఇయ్యమంటున్నవా?"

"అవునంకుల్." ఎదురుగా తెర కనపడుతూనే ఉంది కదా, ఇందులో దాచేదేముందనుకున్నాడు.

"ఇంతకుముందు కూడ అడిగినవా?"

"ప్రతి శనివారం అడుగుతానండీ."

"అది ఏమంటది?"

"ఎప్పుడూ కాదనదు అంకుల్. పాపం, ఇస్తూనే ఉంటుంది. నేనే పోగొడుతుంటాను."

అటువైపు నుంచి బరువైన ఊపిరి వినిపించింది. "నువ్వెప్పుడన్న తిరిగి ఇచ్చినవా?"

"నా దగ్గర మిగిలితే కదా అంకుల్."

అప్పుడు ఉరిమింది. కరెంటు, నెట్టు, ఫోన్ సిగ్నల్ కట్టగట్టుకుని పోయాయి. ఆగిన ఫ్యాన్ కింద కూర్చుని అచ్యుత్ ఆ సంభాషణని చివర్నుంచి మొదటికి గుర్తు చేసుకున్నాడు. 'లైఫ్ ఇయ్యమంటున్నవా' దాకా వచ్చేసరికి ఒళ్లంతా చెమట పట్టింది.

కరెంటు రాగానే ఫోన్ చేశాడు. ఎత్తింది శేషాచలమే.

"మా అమ్మాయి చెప్పింది బాబూ. లైఫ్ అంటే గేమ్‌ల లైఫ్ అట కదా. నేనే వేరేగ అనుకున్న. అంతే కదా?"

అవునంకుల్ అంటే చాలు. అంతా వెనక్కి వెళ్లిపోతుంది, ఏమీ జరగనట్టే. రేపు డెంటిస్ట్ వస్తాడు. వచ్చే శనివారం ఆడటానికి వైశాలి ఉండదు.

"మొదట్లో అంతేనంకుల్," అన్నాడు అచ్యుత్. "ఇప్పుడు కాదు. వైశాలి అంటే నాకు ప్రాణం. శనివారం కోసమే వారమంతా గడుపుతున్నాను. ఈ మాట తనతో చెప్పలేక మీతో చెబుతున్నాను, అంత తెలివైనవాణ్ణి. రేపు వచ్చే డెంటిస్ట్ గారు మంచివారే అయ్యుంటారు, అయినా..."

"యోగానందా? వాడెందుకు మధ్యల? వాడు నా క్లాస్‌మేట్. మొన్ననే మనవరాలు పుట్టింది."

వెనక నుంచి వైశాలి నవ్వు వినిపించింది. "పెళ్లిచూపులని నేనన్ననా? పళ్లకి మంచిదని నువ్వే అన్నవ్."

"మొత్తం విన్నావా?"

"స్పీకర్‌ల ఉన్నవ్. అమ్మ కూడ విన్నది."

అచ్యుత్‌కి ఏ గుంతైనా సరే, ఒకటి కనపడితే బాగుండుననిపించింది.

"ముందు ఆ గేమేందో నాకు చూపియ్యున్రి," అన్నాడు శేషాచలం కుర్చీ లాక్కుని.

మళ్లీ మొదలుపెట్టారు. కాబోయే మామగారేమో అన్న ఆలోచన బుర్రలో పెట్టుకుని కప్పను దూకించడం ఎవరి వల్లా కాదు. చూస్తుండగానే అచ్యుత్ లైఫులన్నీ అయిపోయాయి.

"ఇప్పుడేంది బిడ్డా?"

"ఇప్పుడు అతను అడగాలె నాన్నా."

శేషాచలం కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. "అయితే అడుగు బాబూ. వచ్చే శనివారం మాత్రం ఫోన్‌ల కాదు, ఇంటికొచ్చి అడుగు."

"నాకో లైఫ్ ఇవ్వు, వైశాలీ."

"ఇచ్చిన. పైలం."

కప్ప మళ్లీ లేచి నిలబడింది. అచ్యుత్ దాన్నే చూస్తూ మురిసిపోయి ముందున్న గుంతను చూడలేదు.

"అరె, అప్పుడే పోగొట్టిండు," అన్నాడు శేషాచలం. "ఇంక నీ దగ్గర ఎన్నున్నయి బిడ్డా?"

"ఒక్కటే నాన్నా," అంది వైశాలి. "ఇద్దరికి సరిపోతది."