టీవీలో చచ్చిన పెళ్ళికొడుకు

ఆంబ్రోస్ టీవీలో చచ్చిపోయిన రోజున బిమినీ దీవి మొత్తం పడీపడీ నవ్వింది.

దీవిలో టీవీ ఉన్నది యూలా అత్త దుకాణంలోనే. శనివారం సాయంత్రం మయామీ నుంచి సముద్ర సాహసాల సీరియల్ వస్తోందంటే జనం అక్కడే గుమిగూడతారు. దాని షూటింగ్ జరిగేది వీళ్ళ సముద్రంలోనే మరి. విలన్ మనిషిగా నీళ్ళలోకి దూకి, ఏదో ఒక భయంకర జంతువు చేతిలో చావడం ఆంబ్రోస్ ఉద్యోగం. తన మొదటి చావు చూసుకుందామని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ముందు వరసలో కూర్చున్నాడు.

తెరమీద డ్రమ్ములు మోగాయి. "నరమాంసం మరిగిన రాక్షస సొర!" అని ఎవరో గంభీరంగా చెప్పారు. సొరచేప వచ్చింది. ఆంబ్రోస్ గిలగిలా కొట్టుకున్నాడు. నలుపు తెలుపు టీవీలో నెత్తురు కూడా నల్లగా పారింది.

వెనక నుంచి ఒక ఆడపిల్ల కిసుక్కుమంది.

"అయ్యయ్యో, అది నిద్రమొహం సొర కదూ!"

అంతే, దుకాణం పైకప్పు లేచిపోయింది. ఆ జాతి సొర పగలంతా బండల కింద గురకొక్కటే తక్కువగా పడుకుంటుంది. బిమినీ పిల్లలు దాని తోక లాగి పారిపోతుంటారు. దాని చేతిలో చావడమంటే ముసలి పిల్లి కరిచి చావడమే. ఆంబ్రోస్‌కి తల కొట్టేసినట్టయింది.

బయట చినుకులు పడుతున్నాయి. నవ్విన పిల్ల చూరు కింద నిలబడి ఉంది.

"ఏమిటమ్మా అంత నవ్వు?" అన్నాడు కోపంగా.

"నేను చచ్చినవాళ్ళతో మాట్లాడను."

"అది నిజంగానే మీదికొచ్చింది, తెలుసా?"

"పాపం, ఒళ్ళో పడుకుందామని వచ్చుంటుంది. నువ్వే కసిరేశావు."

ఆమె చేతిలోని ఖాళీ పళ్ళబుట్ట నెత్తిన బోర్లించుకుని వానలో పరుగెత్తింది. వంతెన మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుతో ఆంబ్రోస్ తను కోపంగా ఉన్న సంగతే మరిచిపోయాడు. ఆమె పేరు వెర్లీన్ అనీ, చేపలపడవ కెప్టెన్ థడియస్ కూతురనీ ఆ పూటే కనుక్కున్నాడు. ఆ తర్వాత ఆమెకు ఎదురుపడని రోజు లేదు, ఆమె చేత వెక్కిరింపు తినని రోజూ లేదు. చివరికి ధైర్యం చేసి, పిల్లనిమ్మని అడగడానికి కెప్టెన్ దగ్గరికే వెళ్ళాడు.

కెప్టెన్ పడవ అడుగు గీకుతున్నాడు. తల ఎత్తలేదు.

"నిద్రమొహం సొర చంపింది నిన్నేనా?"

"అది నటన కెప్టెన్ గారూ."

"మా తాతని తుపాను పొట్టన పెట్టుకుంది. మా నాన్న పులిసొరతో పోరాడి ఇంటికొచ్చాడు. మరి నా అల్లుడో? నిద్రమొహం సొర మింగేసిందట! ఏ మొహం పెట్టుకుని చెప్పుకోను? పోయి మీ డైరెక్టర్ని బతిమాలుకో. కాస్త మర్యాద గల జంతువు చేత చంపించమను."

డైరెక్టర్ ఈసారి ఆక్టోపస్‌ని ఖాయం చేశాడు. దాన్ని పట్టి ఇచ్చే పని కెప్టెన్‌కే దక్కింది. తొట్టెలో పెట్టి తీసుకొచ్చింది వెర్లీన్. పడవ అంచున కూర్చుని, అడుగున అద్దం బిగించిన బకెట్ నీళ్ళలో ముంచి, అందులోంచి షూటింగంతా చూసింది.

చూడడానికేముంది? ఆక్టోపస్ కి ఆంబ్రోస్ అంటే హడలు. వదలగానే సిరా కక్కి పరారు. అతనే వెంటపడి పట్టుకుని, ఒక్కొక్క చెయ్యీ తీసి తన మెడకి తనే చుట్టుకుని, తన్నుకుంటూ చావాలి.

"ఏమిటి బాబూ, పెళ్ళిచూపులా?" అంది వెర్లీన్, అతను పైకి తేలగానే.

"ఎనిమిది చేతులున్నాయి గానీ ఒక్కటీ నన్ను పట్టుకోదే!"

"బలవంతంగా వాటేసుకుంటే ఎవరు మాత్రం ఆగుతారు?"

"మర్యాదగా అడిగితే ఆగుతారా?"

వెర్లీన్ గబుక్కున మొహం బకెట్లో పెట్టేసుకుంది.

మధ్యాహ్నం మైకు పట్టుకుని ఒకాయన వచ్చాడు. సీరియల్ అయ్యాక వేసే ఇంటర్వ్యూ అట. "ఆ రాక్షసిని చూసి భయపడ్డారా?" అని అడిగాడు.

"రాక్షసేమిటండీ? పిరికి ప్రాణి. దానికే నేనంటే భయం," అన్నాడు ఆంబ్రోస్. "నేను భయపడింది ఒక్కరికే. ఎదురుగా నిలబడితే చేతులు వణికాయి, నోరెండిపోయింది, రాత్రుళ్ళు నిద్రే లేదు. ఆయనే వెర్లీన్ వాళ్ళ నాన్న."

పడవ అంచున వెర్లీన్ ఒక్క వెక్కిరింపు కూడా విసరలేదు. ఆంబ్రోస్‌కి అదే వింతగా తోచింది.

శనివారం టీవీ చూడడానికి రమ్మని ఆంబ్రోస్ కెప్టెన్‌ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాడు.

"వస్తాను. కానీ ఇదే ఆఖరు," అన్నాడు కెప్టెన్. "ఈసారి కూడా ఊరు నవ్విందా, మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

సీరియల్ అయింది. ఇంటర్వ్యూ మొదలైంది.

"ఆ రాక్షసిని చూసి భయపడ్డారా?" అంది టీవీ. వెంటనే తెర నిండా ఆక్టోపస్ కనుగుడ్లు. వాటి మీదుగా ఆంబ్రోస్ గొంతు: "ఎదురుగా నిలబడితే చేతులు వణికాయి, నోరెండిపోయింది, రాత్రుళ్ళు నిద్రే లేదు." అంతటితో అయిపోయింది. సబ్బు ప్రకటన వచ్చింది.

దుకాణం మళ్ళీ గొల్లుమంది. కెప్టెన్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

వెర్లీన్ వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కూర్చో నాన్నా. సగం కోసేశారు వాళ్ళు. అతనన్నది ఆక్టోపస్ గురించి కాదు."

"మరి దేన్ని గురించే?"

"నీ గురించి! పడవలో నేనూ ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఆక్టోపస్‌కి భయపడడట, నీకు మాత్రం హడలి చస్తున్నాడట. చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలని నేను అప్పుడే అనుకున్నాను!"

అన్నాక గాని తనేం అందో ఆమెకు తెలియలేదు. చెంపలు కందిపోయాయి. ఆంబ్రోస్ నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు.

కెప్టెన్ టీవీని ఎగాదిగా చూశాడు. "అంటే, నన్ను తీసేసి నా చోట ఆ ఆక్టోపస్ ని పెట్టారా?"

"పోలిక బాగానే కుదిరిందిలే," అంది యూలా అత్త.

ఈసారి జనం కెప్టెన్ని చూసి నవ్వారు. ఆయన గుర్రుగా చూసి, ఆంబ్రోస్ దగ్గరికొచ్చాడు.

"నిజంగానే నోరెండిందా?"

"ఎండింది కెప్టెన్ గారూ."

"నిద్ర?"

"ఇప్పటికీ లేదండీ."

కెప్టెన్ మీసాల కింద తృప్తిగా ఏదో కదిలింది. "సముద్రంలో దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలిసినవాడికి పడవ ఇవ్వచ్చు. పిల్లనీ ఇవ్వచ్చు. రేపు చర్చి అయ్యాక భోజనానికి రా."

వెర్లీన్ వచ్చి అందరి ముందూ ఆంబ్రోస్ చెయ్యి పట్టుకుంది.

"ఏమిట్రా, ఒప్పుకున్నాగా? ఇంకా వణుకుతున్నావే?" అన్నాడు కెప్టెన్.

"ఈ వణుకు మీ వల్ల కాదండీ," అన్నాడు ఆంబ్రోస్.