నడకగీత

ఉదయం ఏడు గంటలకు గీత పడింది. మొగపేట ఒక నియోజకవర్గంలోకి, ఏటికి అవతలున్న దిబ్బలపాలెం మరో నియోజకవర్గంలోకి వెళ్లాయి.

ఎనిమిదికల్లా గరికిన పోలమ్మ కోడలు దానమ్మను వెంటబెట్టుకుని హద్దుల కార్యాలయానికి వచ్చింది. ఈసారి ఎన్నికల్లో రెండు ఊళ్లూ ఫోన్లలోనే మాట్లాడుకుని పోలమ్మను నిలబెట్టాయి. గెలిస్తే, ఏరు సముద్రంలో కలిసే మొగలో మేట వేసిన ఇసుకను తవ్వించాలి. ఆ మేట మీదే నిరుడు పడవ బోల్తాపడి ఆమె కొడుకు, దానమ్మ భర్త సింహాద్రి పోయాడు. శవం దొరకలేదు. రెండు ఊళ్ల ఓట్లు కలిస్తేనే ఆమెకు గెలుపు.

వెనకటి రోజుల్లో గీతలు పార్టీలు గీసేవి. చేపలవాళ్ల ఊళ్లను ముక్కలు చేసి, ఏ ముక్కకూ బలం లేకుండా పంచుకునేవి. నడకగీత వచ్చాక ఆ ఆట కట్టింది. ఇప్పుడు ప్రతి మనిషి మొలతాడుకో మెడతాడుకో ఒక అడుగుబిళ్ల ఉంటుంది. ఎవరు ఏ ఊరు వెళ్తున్నారో, ఎవరిని కలుస్తున్నారో ఎన్నికల ముందు నెలల తరబడి అది యంత్రానికి చెబుతుంది. కలిసి బతికేవాళ్లను యంత్రం ఒకే గీతలో ఉంచుతుంది. పేర్లు ఎవరికీ, పోలీసులకు కూడా, కనిపించవు. అభ్యంతరం పెట్టినవాళ్లకు వాళ్ల ఇంటివాళ్ల బిళ్లలను మాత్రం తెర మీద చుక్కలుగా, పేర్లతో చూపిస్తారు.

"యంత్రం ఎవరి పక్షమూ కాదు పోలమ్మగారూ," అంది హద్దుల అధికారి మాధురి. "ఈ లెక్క మొదలైనప్పటి నుంచీ మీ రెండు ఊళ్ల మధ్య రాకపోకలే లేవు."

"ఎలాగుంతాయమ్మా? మొగ మనిసిని మింగితే ఏడాది తిరిగేదాకా ఏరు దాటం. మా ఆచారం అది. ఒకల దుక్కానికి ఒకలం ఆగిపోనాం. మీ మిసను ఇడిపోనామనుకుంది."

"మా కన్నోరిది దిబ్బలపాలెం," అంది దానమ్మ. "ఒక్కపాలి ఎల్లొస్తానంటే ఈవిడే ఆపీసింది. ఓట్ల కోసమైనా ఎల్లనిస్తే పోయేది."

"ఇప్పుడు ఎత్తిపొడవకే," అంది పోలమ్మ.

"దుఃఖాన్ని లెక్కలోకి తీసుకునే వీల్లేదు," అంది మాధురి. "ఏరు దాటిన రుజువు ఒక్కటి దొరికినా పునఃపరిశీలనకు పంపుతాను. మీ ఇంటి చుక్కలు చూద్దాం."

తెర మీద రెండు చుక్కలు ఇవతలి ఒడ్డున ఉన్నాయి. మూడోది నీళ్లలో ఉంది.

"అదెవలిది?" అంది పోలమ్మ.

మాధురి చుక్క మీద వేలు పెట్టింది. గరికిన సింహాద్రి అని పేరు వచ్చింది. అడుగుబిళ్లకు కదలికే శక్తి. నీళ్లు కదిపినా పలుకుతుంది. ఇసుక మేట తూర్పు అంచున అది పోటుకు కొంచెం ఇటు, పాటుకు కొంచెం అటు ఊగుతోంది. అతను పోయిన రోజు నుంచీ అక్కడే ఉంది. అది నడక కాదు గనుక యంత్రం లెక్కలోంచి తీసేసింది.

దానమ్మ తెర మీద మేట అంచును చూపించింది. "అత్తా, గుమ్మంలోంచి అగుపించే సోటే."

పోలమ్మ తెర దగ్గరకు జరిగింది. "ఆ సోటు మావోళ్లకి సెప్పుకోవచ్చా తల్లీ?"

"మీ ఇంటి చుక్కే కదా. చెప్పుకోవచ్చు." మాధురి కాగితం ముందుకు లాక్కుంది. "మరి అభ్యంతరం?"

"నువ్వు రాసుకో. ముందు పిల్లోణ్ణి తెచ్చుకోనీ."

రుజువు లేదని మధ్యాహ్నం అభ్యంతరాన్ని తిరస్కరించారు. ఈ గీత పదేళ్లు ఉంటుంది. ఏడాది ఇంకా తిరగలేదు. అయినా రెండు ఒడ్డుల నుంచీ పడవలు మొగలోకి బయల్దేరాయి. చీకటి పడేలోపు సింహాద్రిని దిబ్బలపాలెం పడవ మొగపేట ఒడ్డుకు తెచ్చింది.