చిటికెన వేలు అందని చోట

"ఎవరికన్నా పాణం బాగలేదా? పొద్దుగాల్నుంచి గా మూల్గుడేంది?"

వెంకటేశం వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి. డాబా మెట్ల దగ్గర బట్టల బకెట్‌తో చాందీ నిలబడి ఉంది. వాళ్ళింట్లో కిరాయికుండే సాలికి మేనకోడలు. పెన్‌పహాడ్ దగ్గరి లంబాడీ తండా నుంచి టైపు నేర్చుకోవడానికి సూర్యాపేట వచ్చి వారమైనా కాలేదు, అప్పుడే ఇంటాయన కొడుకు సంగీతానికి వంక పెట్టింది.

"మూల్గుడు గాదు, గిటార్. ఏ మైనర్ సిక్స్త్ కార్డ్, నాలుగు స్వరాలు ఒక్కసారే పలకాలె. నీకేం తెలుస్తది?"

"నాకు తెల్వది సరే. నీకు తెలుసా?"

అదీ ఆ పిల్ల వరస.

నిజానికి తెలియదు. 1991లో సూర్యాపేటలో గిటార్ నేర్పేవాళ్ళెక్కడ? కోదాడలో పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా నడిపే ఈదయ్య మాస్టారు దగ్గరికి ఆదివారాలు బస్సెక్కి పోయేవాడు.

"ఏ మైనర్ పట్టుకో. అట్టాగే ఉంచి చిటికెన వేలు ఒకటో తీగ మీద, రెండో ఫ్రెట్ గడిలో పెట్టు," అన్నాడాయన. "మైనర్ ఊరికే ఏడుస్తదయ్యా. ఇది ఏడుస్తా ఎవరికోసమో ఎదురుచూస్తది. ఇది పలికించు, మిర్యాలగూడ ఆర్కెస్ట్రాలో నిన్ను పెట్టించే పూచీ నాది."

పెట్టడానికేం, పెట్టేవాడు. చిటికెన వేలు ఆనగానే మిగతా మూడూ అలిగిన చుట్టాల్లా పక్కకు జరిగేవి. తీగ టప్పుమని మూగబోయేది.

చాందీ రోజూ డాబా ఎక్కేది. ఆరిన బట్టలు కూడా మళ్ళీ ఆరేసేది. "ఇయ్యాల ఏలు మాట ఇన్నదా?" అని అడిగేది. వినలేదంటే నవ్వేది. ఆ నవ్వు కోసం వెంకటేశం ఒక్కోసారి కావాలనే తప్పు వాయించేవాడు. ఆమె అంటే వల్లమాలిన ఇష్టం. పైకి చెప్పడానికి మాత్రం నోరు పెగలదు.

మబ్బు పట్టిన ఒక సాయంత్రం చాందీ నవ్వలేదు.

"తిరుమలగిరి నుంచి సంబంధమొచ్చింది. పత్తి చేనుంది, బోరుంది. ఇష్టమేనా అని మా నాయిన అడుగుతున్నడు. నేనింక ఏం సెప్పలే."

వెంకటేశం గిటార్ పక్కన పెట్టాడు. "ఏం సెప్తవ్?"

"ఎవరన్నా ఒక మాటంటే గద, నేనేదన్న సెప్పేది."

ఆ మాట అనేయాలి. అనలేక గిటార్ ఎత్తుకున్నాడు. "మీ భాషల ఏడుపు పాట ఏదన్న ఉంటదా? గీ కార్డ్‌కు కలుస్తదేమో సూద్దాం."

చాందీ బకెట్ కింద పెట్టింది. "ఢావ్లో ఉంటది. అత్తగారింటికి పోయేటప్పుడు పెండ్లి పిల్ల పాడుతది. పెండ్లికి ఒప్పుకున్న పిల్లనే అది పాడుతది. తెలిసే అడుగుతున్నవా?"

"ఆ, ఆ, పాడు," అన్నాడు చిటికెన వేలు సర్దుకుంటూ.

ఇక్కడ వాడి నెత్తిన ఒక్కటి మొట్టాలనిపిస్తుంది. ఏం లాభం.

చినుకులు మొదలయ్యాయి. మెట్ల పైని రేకుల కింద నిలబడి చాందీ పాడింది. మాటలు అతనికి అర్థం కాలేదు. గొంతు మాత్రం సన్నగా వణికింది. అప్పుడు పలికింది కార్డ్. తీగలన్నీ కలిసి, ఒక్కటీ చావకుండా.

"వచ్చింది చాందీ, వచ్చింది."

చాందీ పాట ఆపేసింది. కళ్ళు తుడుచుకుని, "ఇగ మా నాయినతోని నువ్వే మాట్లాడాలె," అంది. అతను అప్పటికే తల వంచుకుని రెండోసారి వాయిస్తున్నాడు. ఆ చప్పుడులో, వానలో ఆ మాట వినిపించలేదు.

తెల్లారి మొదటి బస్సుకే కోదాడ పోయాడు. మాస్టారు విని, వెంటబెట్టుకుని మిర్యాలగూడ తీసుకెళ్ళాడు. నౌకరీ దొరికింది. అక్కడే ఒకటి రెండు పెళ్ళిళ్ళకు వాయించి, ఇప్పుడు ధైర్యంగా అడగొచ్చని పొంగిపోతూ వారానికి ఇల్లు చేరాడు.

సాలి గుమ్మంలోనే ఎదురైంది. "మా పిల్ల పెండ్లి ఖాయమైంది, బిడ్డా. అడిగితే నోరిప్పకపాయె. డాబా మీద ఢావ్లో పాడుతుంటే నా చెవులార ఇన్న. ఒప్పుకున్నట్టే గద. వెంటనే మా అన్నకు కబురు పంపిన."

వెంకటేశం బస్టాండుకు పరుగెత్తాడు. పెన్‌పహాడ్ బస్సు కోసం చాందీ సంచితో నిలబడి ఉంది.

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు రొప్పుతూ. "మీ నాయినతోని ఇప్పుడే వచ్చి మాట్లాడుత."

"తండ పెద్దల ముందట బెల్లం తిని మాటిచ్చిన్రు. ఇగ మా నాయిన మాట తప్పడు."

"మీ అత్త తప్పుగ అనుకున్నదని సెప్పొద్దా?"

"ఎవరి పేరు సెప్పి ఆపాలె? నువ్వొస్తవని సూసిన. మిర్యాలగూడ పోయిండన్నరు."

"నాకు ఢావ్లో సంగతి తెల్వదు చాందీ."

"సెప్పిన గద. తెలిసే అడుగుతున్నవా అని గూడ అడిగిన."

బస్సు వచ్చి ఆగింది. చాందీ సంచి చంకన పెట్టుకుంది.

"ఆ పాట అమ్మ నాయినలను పట్టుకొని పాడేది. నేను నీ కోసం పాడిన వెంకటేశం. నువ్వు నీ ఏలు సూసుకుంటున్నవ్."

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఇటు తిరగలేదు. బస్సు మలుపు తిరిగేదాకా వెంకటేశం రెప్ప వేయకుండా ఆమెనే చూశాడు. అలా చూడవలసింది ఆ రోజు, డాబా మీద.