మిరపకాయ చేసిన ప్రార్థన

"అందరూ కళ్ళు మూసుకోండి!" అంది మిరపకాయ.

అసలు పేరు వేరే ఉంది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది కాబట్టి బడిలో అందరూ అలాగే పిలుస్తారు.

ఆ ఉదయం క్లాసులో ప్రార్థన చేయించే వంతు తనది. ముందుగా బల్ల మీది ప్రార్థన పెట్టెలో చీటీలు చదవాలి. ఇంట్లో ఎవరికి బాగోలేకపోయినా, మనసులో ఏ బాధ ఉన్నా పిల్లలు పేరు లేకుండా రాసి అందులో వేస్తారు.

మిరపకాయ పెట్టె తెరవనే లేదు. నిన్న ఆటల పీరియడ్ నుంచి వచ్చేసరికి, మామయ్య కొనిచ్చిన జామెట్రీ బాక్సుకి ఇంత సొట్ట! పక్కన కూర్చునే పిచ్చుక (అదీ బడిలో పెట్టిన పేరే) ముఖం చూస్తేనే తెలిసిపోయింది. అడిగితే "ఏమో" అంది.

"ప్రభువా! మా పిచ్చుక పక్కవాళ్ళ బాక్సు పాడుచేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఒట్టి అబద్ధాలకోరు. అయినా దాన్ని క్షమించు. ఆమెన్!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత క్లాసంతా నవ్వింది. పిచ్చుక మాత్రం కళ్ళు తెరవలేదు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి.

క్లాస్ టీచర్ సిస్టర్ అటెండెన్స్ పుస్తకాన్ని బల్ల మీద దబ్బున పడేశారు.

"దేవుడి భుజం మీద తుపాకీ పెట్టి కాలుస్తావా?"

"క్షమించమనే కదా అడిగాను, సిస్టర్!"

"ఎవరికి వినపడాలని అడిగావు?"

మిరపకాయ తల దించుకుంది. కోపం మాత్రం తగ్గలేదు.

లంచ్ బెల్ కొట్టాక సిస్టర్ ఆ పెట్టె తెచ్చి మిరపకాయ ముందు పెట్టారు. "పొద్దున చదవనివి ఇప్పుడు చదువు."

మూడు చీటీలున్నాయి. ఒకటి ఎవరి నాన్న ఉద్యోగం కోసమో. ఇంకొకటి కుక్కపిల్ల విరిగిన కాలు కోసం. మూడో దాని మీద నిన్నటి తేదీ ఉంది; ఆ గుండ్రటి అక్షరాలు పిచ్చుకవని చూడగానే తెలిసింది.

"బాక్సు నా చేతిలోంచి జారింది. భయమేసి ఏమో అనేశాను. రేపు చెప్పేస్తాను. ధైర్యం ఇవ్వు దేవా."

మిరపకాయకి ఒళ్ళు మండిపోయింది. ఈసారి తన మీదే. చీటీని మడిచి, మళ్ళీ పెట్టెలోనే వేసింది. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు సిస్టర్‌ని అడిగి క్లాసు ముందు నిలబడింది. పిల్లలు అలవాటుగా కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు తెరవండి. ఇది మీతో చెప్పేది. నిన్న నేను చేసింది ప్రార్థన కాదు. మీ అందరి ముందు పిచ్చుకని తిట్టాను. తప్పు నాది. సారీ, పిచ్చుకా."

ఎవరూ నవ్వలేదు.

"నాకింకా కోపంగానే ఉంది," అంది పిచ్చుక.

"ఉండదా మరి!" అంది మిరపకాయ.

వెళ్ళి తన చోట కూర్చుంది. సొట్ట బాక్సు తీసి, మూత తెరిచి ఇద్దరి మధ్య పెట్టింది.

లెక్కల పీరియడ్ సగమయ్యాక, పిచ్చుక మాట్లాడకుండానే అందులోంచి స్కేలు తీసుకుంది.