బాన కింద తడి

మధ్యాహ్నం యాందే అట్టపెట్టెలోకి తొంగిచూసింది. పొద్దున వేసిన ఆకు వేసినట్టే ఉంది. తాబేలు పిల్ల కళ్ళు మూసుకుని ఓ మూల పడి ఉంది.

"తినవే," అంది యాందే. "రేపు తక్కో వచ్చేస్తుంది."

తాబేలు తక్కోది. అరచెయ్యంత ఉంటుంది. పేరు బూర్, అంటే రాజు. బంధువుల పెళ్ళికని ఫాతిక్ పట్నం నుంచి పల్లెకి వెళ్తూ తక్కో దాన్ని స్నేహితురాలు యాందే చేతిలో పెట్టింది.

"మీ నీళ్ళ బాన కింద వదిలెయ్, చాలు. దాన్ని మాత్రం కూరలో వేసుకోకే. మీ సేరేర్లు ఏదైనా తింటారు."

"మీ పులార్ వాళ్ళు మిగిలిస్తే కదా మేం తినడానికి," అంది యాందే.

ఈ రెండు జాతుల మధ్య వేళాకోళం తాతల నాటిది. ఎవరూ కోపం తెచ్చుకోరు.

ఆ బాన వేపచెట్టు నీడలో ఉంటుంది. పాతది కావడంతో సన్నగా చెమరుస్తుంది. కింద ఇసుక ఎప్పుడూ తడే. బూర్ అందులో సగం దాకా దూరి పడుకునేది. ఒళ్ళంతా బురద. ఎండెక్కగానే లేచి వాకిలంతా తిరిగేది.

చిక్కల్లా ఆ వాకిలితోనే వచ్చింది. దాన్ని ఊడ్చేది యాందే. పొట్టి చీపురుతో వంగి, ఇసుక మీద గీతలు వరసగా పడేలా ఊడుస్తుంది. వాటి మీద కోడి నడిచినా ఒప్పుకోదు. బూర్ రోజూ వాటికి అడ్డంగా పోయేది.

చూసి చూసి, వడ్రంగి లాతిర్ బాబాయి దగ్గర ఎర్రచెక్క పొట్టు అడిగి తెచ్చింది. పెట్టెలో పరిచింది. మెత్తగా, పొడిగా, మంచి వాసనతో ఉంది. బూర్‌ని కడిగి, తుడిచి అందులో పెట్టింది. అప్పుడు చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

ఇప్పుడు దాని ముక్కు దగ్గర చిన్న బుడగ. కళ్ళ చుట్టూ పొట్టు దుమ్ము.

"నానమ్మా, ఇది నిద్రపోతోందా?"

వేరుశనక్కాయలు ఒలుస్తున్న నానమ్మ లేచి వచ్చింది. పెట్టె మీదికి వంగి గట్టిగా తుమ్మింది.

"నాకే ముక్కు మండుతోంది. రాత్రీ పగలూ ఇందులోనే ఉంచావా?"

"శుభ్రంగా ఉంటుందని. ఇది ఎండల్లో తిరిగే జంతువే కదా. పొడిగా ఉంటే మంచిది కాదా?"

"ఎవరికి మంచిది? కింద పెట్టి, ఎటు పోతుందో చూడు."

యాందే దాన్ని ఊడ్చిన ఇసుక మీద పెట్టింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత మెడ బయటికి వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ కదిలింది. చీపురు గీతల మీదుగా తిన్నగా బాన దగ్గరికి పోయి, ముందుకాళ్ళతో తడి ఇసుక తవ్వడం మొదలుపెట్టింది.

"అడవిలో ఇవి లోతుగా బొరియ తవ్వుకుంటాయి," అంది నానమ్మ. "పైన నేల కాలిపోతున్నా లోపల మట్టి చెమ్మగా ఉంటుంది. ఈ పిల్ల తాబేలుకి అంత బలమేది? మన బాన కిందే దాని బొరియ."

"బతుకుతుందా?"

"రేపు చూద్దాం."

యాందే గోరువెచ్చని నీళ్ళతో దాని కళ్ళు తుడిచింది. పగిలిన కుండ పెంకు ఒకటి తెచ్చి తడి ఇసుక మీద గూడులా బోర్లించి, లోపల ఓ లేతాకు పెట్టింది. పొట్టు తీసుకెళ్ళి పొయ్యిలో వేసింది.

మర్నాడు తక్కో వచ్చింది. యాందే గుమ్మంలోనే చెప్పేసింది.

"నేను దాన్ని పెట్టెలో పెట్టాను. జబ్బు చేసింది."

తక్కో బాన దగ్గరికి వెళ్ళి పెంకు ఎత్తి చూసింది. ఇసుకలోంచి తల బయటికొచ్చింది. ఒక కన్ను తెరిచే ఉంది. మూతికి ఆకుపచ్చ మరక.

"తింటోంది," అంది తక్కో. పెంకు మళ్ళీ బోర్లిస్తూ, "మీ సేరేర్ల ఇంట్లో ఉండి తినడం నేర్చుకోకపోతే ఎలా," అంది.

యాందే నవ్వలేకపోయింది. "రెండో కన్ను కూడా తెరిచేదాకా ఇక్కడ ఉంచుతావా?"

"ఉంచుతాను. బాన కిందే."

ఆ పై వారం, స్కూలుకి వెళ్ళే ముందు యాందే వాకిలి ఊడుస్తోంది. బాన నుంచి గుమ్మం దాకా, గీతలకి అడ్డంగా, చిన్న కాళ్ళ జాడ ఉంది. చీపురు ఆ జాడ దాకా వచ్చి ఆగింది. యాందే వెళ్ళి బాన కింద ఇసుకలో చెంబెడు నీళ్ళు పోసింది. తిరిగొచ్చి, జాడ దాటి అవతలి వైపు నుంచి ఊడవడం మొదలుపెట్టింది.